రెండు మిల్లీమీటర్లు తక్కువైన పేజీ

బైండింగ్ కొట్టు, మెట్ల కింద గది
జూన్ 4

శ్రీశ్రీశ్రీ గొలుసు దొరగారి దివ్యసముఖానికి,

ఇందుమూలముగా సమస్త బంధువులకూ, శత్రువులకూ, ఎటూ తేల్చుకోని మధ్యరకం వారికీ ప్రకటించడమేమనగా: గత ఆదివారం తమరు మా గుమ్మంలో మా చెల్లెలినీ దాని సూట్‌కేసునీ దింపి, మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోతూ మరచిన నల్లగొడుగు ప్రస్తుతం మా అధీనంలో ఉన్నది. సదరు గొడుగును ముగ్గురు సభ్యుల సంఘం, అనగా నేను, మా ఆవిడ, మా ఆవిడ కళ్ళజోడు, క్షుణ్ణంగా పరిశీలించడమైనది. ఎనిమిది కమ్ములూ సక్రమంగా ఉన్నవి. గుడ్డకు చిల్లు లేదు. పిడి నున్నగా మెరుస్తున్నది. అయినను గొడుగు నిలవదు. తెరిచిన ప్రతిసారీ నెత్తిమీద కూలుతున్నది. పైకి తోసినప్పుడు పట్టుకుని ఆపవలసిన చిన్న కొక్కెం దానికి లేదని సంఘం ఏకగ్రీవంగా తేల్చినది.

ప్రకటన అయిపోయింది. ఇక మనిషిగా రాస్తాను.

చెల్లి వచ్చి నాలుగు రోజులైంది. ఏడవలేదు. వచ్చిన రోజే మా ఇంట్లో గిన్నెలన్నీ, కడిగినవి కూడా, మళ్ళీ కడిగింది. రెండో రోజు మా ఆవిడతో చెప్పింది. పెళ్ళయి పదకొండేళ్ళు. పొట్టలో కెమెరా పెట్టి రెండుసార్లు చూశారు. రెండుసార్లూ డాక్టర్లు ‘ఈవిడలో ఏ లోపమూ లేదు’ అని రాసిచ్చారు. అయినా ఈ నెల పద్దెనిమిదిన మూడోసారి చేయించుకోవాలని నువ్వూ మీ అక్కగారూ కూర్చుని ముహూర్తం పెట్టారట. చేయించుకుంటానని ఒప్పుకునేదాకా పుట్టింట్లో ఉండమన్నావట.

నువ్వు మాత్రం ఏడేళ్ళ కిందట ఒక్కసారి వీర్యపరీక్షకి సీసాలో పోసిచ్చి, బాగుందన్న కాగితం తెచ్చుకుని, దానికి ల్యామినేషన్ చేయించావని విన్నాను. ఆఫీసులో పటాల పక్కన తగిలించావేమో అనుకున్నాను. కాదు, బీరువా తలుపు లోపలివైపు అని చెల్లి సరిదిద్దింది. నీ వినయం మెచ్చుకోదగ్గది.

సర్వే గొలుసు పట్టుకుని ఊళ్ళో వాళ్ళ భూములన్నీ కొలుస్తావు. నిన్ను కొలవబోతే మాత్రం టేపు సరిపోదంటావు. ఇంకోసారి పరీక్ష చేయించుకోవడానికి నీకు అడ్డమేమిటో రాయి. గొడుగు సంగతి తర్వాత.

ఇట్లు,
నువ్వు వెనకాల ‘బంక’ అని పిలిచే నీ బావ

*

సర్వే కార్యాలయం, రెండో అంతస్తు
జూన్ 9

అయ్యా,

మీ లేఖ అందినది. సమాధానం క్రింద ఇస్తున్నాను.

ఒకటి. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పి, మైదాపిండి ఉడకబెట్టి పుస్తకాలకు అట్టలు అంటించుకునే మీరు వైద్య విషయాలలో నాకు సలహా చెప్పడం హాస్యాస్పదం. నేను కొలవనిది నమ్మను. కొలత తేలాక ఇక వాదన ఉండదు. నా కొలత తేలింది. మిల్లీలీటరుకు అరవై మిలియన్లు. కదలిక అరవై ఐదు శాతం. ఇందులో సందేహించవలసినది ఏమీ లేదు. ఇటువైపు లెక్క సరిగ్గా ఉన్నప్పుడు లోపం అటువైపే ఉండాలి. గట్టుకు రెండే పక్కలుంటాయి.

రెండు. మీ చెల్లెలు పద్దెనిమిదో తేదీ ఉదయం ఏడు గంటలకు ఆసుపత్రికి రావలెను. రాకపోతే మా ఇంటికి రానక్కరలేదు. ఇది మా అక్కయ్య నిర్ణయం. నాది కూడా.

మూడు. కాగితం తడవకూడదని ల్యామినేషన్ చేయించాను. దానిని హేళన చేయవలసిన అవసరం లేదు.

గొడుగు పంపగలరు.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త

*

బైండింగ్ కొట్టు, మెట్ల కింద గది
జూన్ 12

గొలుసు దొరా,

మూడు పేరాలు రాశావు, మూడింటికీ నంబర్లు వేశావు. పెళ్ళాన్ని వద్దనడానికి కూడా నీకు వరసక్రమం కావాలి.

ముందు నీ లెక్కలో తప్పు దిద్దుతున్నాను. ఎనిమిదో తరగతి రెండుసార్లు కాదు, మూడుసార్లు తప్పాను. మూడోసారి మాస్టారే దండం పెట్టి పంపించేశాడు. కానీ ముప్ఫై ఏళ్ళుగా పెద్ద పెద్ద చదువులన్నీ నా బల్ల మీదే అట్ట వేయించుకుంటున్నాయి. జిగురు ఆరేలోపు ఎంతటి పుస్తకంలోంచైనా నాలుగు పేజీలు చదువుతాను. ఆ లెక్కన ప్రతి చదువూ నాకు నాలుగేసి పేజీలు వచ్చు. నీకు వచ్చింది ఒక్క చదువు, అదీ గొలుసంత పొడవు.

మొన్న ఒక పరిశోధన చేసే అమ్మాయి ఐదు ప్రతులు పట్టుకొచ్చింది. అట్టలు ప్రెస్సులో బిగించి, ఊరికే ఉండలేక అడిగాను.

“దేనిమీద చదివావమ్మా?”

“వీర్యకణం అండానికి ఎలా అతుక్కుంటుందో దానిమీద బాబాయ్,” అంది, కొలబద్ద మీద వేళ్ళు ఆడిస్తూ.

“అతుక్కోవడం అయితే అది మా డిపార్టుమెంటు. కూర్చో, చెప్పు,” అన్నాను.

చెప్పింది. వీర్యకణం తలమీద టోపీ లాంటిది ఒకటి ఉంటుందట. అది ఊడితేగాని దానికింద దాక్కున్న అసలు ప్రోటీను బయటికి రాదు. టోపీ తీయడానికి నామోషీ పడే రకాలు అక్కడే ఆగిపోతాయన్నమాట, నాకు చాలామంది గుర్తొచ్చారు. ఆ ప్రోటీను పేరు ఇజుమో. ఎక్కడో పెళ్ళిళ్ళకి పేరుపడ్డ గుడి ఉందట, దాని పేరే దీనికి పెట్టారు. అండం పొరమీద దాన్ని పట్టుకోవడానికి ఇంకోటి కాచుకుని ఉంటుంది. దాని పేరు జూనో, అదీ ఒక పెళ్ళిళ్ళ దేవత పేరే. పుస్తకాల్లో దాన్ని గ్రాహకం అంటారట. ఇదీ అదీ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కలయిక. ఒకడు లోపలికి వెళ్ళీ వెళ్ళగానే అండం తన గ్రాహకాలన్నిటినీ విదిలించేసుకుంటుందట, వెనకాల వచ్చేవాళ్ళకి పట్టు దొరక్కుండా. ఎంత మర్యాద గల మనిషో చూడు.

“మరి మగవాడివైపు ఆ ఇజుమో లేకపోతే?”

“చిట్టెలుకల్లో చేసి చూశారు బాబాయ్. అది లేని మగ ఎలుకలు శుభ్రంగా తిన్నాయి, తిరిగాయి, జతకట్టాయి. కణాల సంఖ్య బాగుంది. ఈత బాగుంది. కణాలు అండం దాకా చేరాయి, పై పొర కూడా దాటాయి. అక్కడ నిలబడిపోయాయి. ఒక్క పిల్ల పుట్టలేదు.”

“ఆ ఎలుకలు తమ కాగితాలకి ల్యామినేషన్ చేయించుకున్నాయా?”

“ఏంటి బాబాయ్?”

“ఏంలేదమ్మా, మా ఇంటి సంగతి. లెక్కపెట్టినప్పుడు ఈ లోటు తెలీదా?”

“తెలీదు. మామూలు పరీక్ష ఎన్ని ఉన్నాయో, ఎలా కదులుతున్నాయో చెబుతుంది. అతుక్కుంటాయో లేదో చెప్పదు. మనుషుల్లో ఇది అరుదు, ఇంకా తెలుసుకుంటున్నారు. కానీ అలాంటివాళ్ళకి దారి ఉంది. సన్నటి సూదితో ఒక్క కణాన్ని తీసి నేరుగా అండంలో పెట్టేస్తారు. లోపలికి చేరితే చాలు, తర్వాత అంతా మామూలే.”

విన్నావా? ముప్ఫై ఏళ్ళుగా నేను కొట్టులో చేస్తున్నదీ అదే. జిగురు పట్టని కాగితాన్ని సూదీ దారంతో కుడతాను. కుట్టిన పుస్తకాన్ని ఎవరూ తక్కువగా చూడరు, పైగా అదే ఎక్కువకాలం ఉంటుంది.

నీ అరవై మిలియన్ల సైన్యం కోటగోడ దాకా వెళ్ళి, అక్కడ నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటోందేమో. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకుండానే మా చెల్లి పొట్ట మీద రెండు గాట్లు పడ్డాయి. గట్టుకి రెండే పక్కలంటూ పాఠం చెబుతావే, నువ్వు ఒక్కపక్కే నిలబడి రెండో పక్కని తవ్విస్తున్నావు.

ఆ అమ్మాయి ప్రతుల్లో ఒకటి నా చేతిలో పాడైంది. కత్తి కింద ఎక్కువ పోయి అక్షరాల చివళ్ళు తెగాయి. వేరేది అచ్చేసుకొచ్చి, “ఇది చిత్తుకి వేసుకో బాబాయ్” అని వదిలేసింది. అది నీకు పంపుతున్నాను. అంతా చదవక్కర్లేదు. నూట పద్నాలుగో పేజీలో ఎర్రదారం పెట్టాను. అక్కడ ఒక పెద్దమనిషి సంగతి ఉంది. చదివి పద్దెనిమిదో తారీకు గురించి మళ్ళీ రాయి.

ఇట్లు,
బంక

*

సర్వే కార్యాలయం, రెండో అంతస్తు
జూన్ 16

అయ్యా,

పుస్తకం అందినది. ఎలుకలతో నన్ను పోల్చినందుకు మీ సంస్కారం ఎంతటిదో మరొకసారి తెలిసినది. ఎనిమిదో తరగతి మూడుసార్లు తప్పిన మనిషి నుంచి ఇంతకన్న ఆశించలేను.

నూట పద్నాలుగో పేజీ చదివాను. కొన్ని అభ్యంతరాలున్నవి.

ఆ పేజీలోని వ్యక్తి నలభై రెండేళ్ళ సర్వేయరు అని, లెక్క అరవై ఒక్క మిలియన్లు అని, భార్యకు రెండుసార్లు శస్త్రచికిత్స జరిగిన తర్వాత తానే స్వయంగా డాక్టరు ముందుకు వచ్చి ‘లోపం నావైపు వెతకండి’ అని కోరాడని, సూది పద్ధతిలో బిడ్డ పుట్టిందని ఉన్నది. అతని లెక్క నా లెక్కకన్న ఒక మిలియన్ ఎక్కువ. ఇది నమ్మదగినదేనా? అతను శాశ్వత ఉద్యోగా, కాంట్రాక్టు మీద పనిచేసేవాడా? కాంట్రాక్టు వాళ్ళ మాటకు నేను విలువ ఇవ్వను. పని చేసేది పొలాల్లోనా, ఆఫీసులో కూర్చుని పటాలు గీసే రకమా?

మరొకటి. ఆ పేజీని స్కేలుతో కొలిచాను. మిగతా పేజీలకంటే వెడల్పు రెండు మిల్లీమీటర్లు తక్కువ. కాగితం కూడా తెలుపు ఎక్కువ. కారణం తెలుపగలరు.

పద్దెనిమిదో తేదీ ఏర్పాటు ప్రస్తుతానికి వాయిదా వేశాను. ఇది మీ మాట విని కాదు. ఆ వారం నాకు పొలం తగాదా కొలతలు ఉన్నవి. అక్కయ్యకు కూడా అదే చెప్పాను.

గొడుగు ఇంకా రాలేదు.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త

*

బైండింగ్ కొట్టు, మెట్ల కింద గది
జూన్ 20

దొరా,

పుస్తకం చేతికిస్తే చదవకుండా కొలిచిన మొదటి మనిషివి నువ్వే. రెండు మిల్లీమీటర్లు ఎందుకు తగ్గిందో చెబుతాను. నా కత్తి మొండిది. మధ్యలో కాగితం జరిగింది. తెలుపు ఎక్కువంటావా, ఆ పేజీ అచ్చేసేటప్పుడు కాగితం కట్ట అయిపోయి కొత్తది విప్పారు. ఇంకేమైనా విచారణ ఉంటే కమిటీ వెయ్యి.

ఆ సర్వేయరు శాశ్వత ఉద్యోగే. పొలాల్లో తిరిగి తిరిగి మెడ నల్లగా కమిలినవాడే. సీనియరట. నీకంటే ఒక మిలియన్ ఎక్కువ ఉన్నా గర్వం లేదట. డాక్టరు గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులతో పాటు టోపీ కూడా బయటే విడిచాడని ఆ అమ్మాయి చెప్పింది.

నీ ఉత్తరం చెల్లికి చదివి వినిపించాను. వాయిదా మాట దగ్గర అది చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె కింద పెట్టింది. అప్పుడు ఇలా అంది: “కత్తి కిందికి ఇక వెళ్ళనన్నయ్యా. సూది అయితే వెళ్తాను. కానీ ఒక్కదాన్నే కాదు. ఆయన నా పక్కన కుర్చీలో కూర్చోవాలి. డాక్టరమ్మతో ముందు ఆయనే మాట్లాడాలి. ‘ఈవిడకి ఏమైందో చూడండి’ అని కాదు, ‘మాకేమైందో చూడండి’ అనాలి.”

పదకొండేళ్ళలో అది నిన్ను అడిగింది ఇదొక్కటే, ఒక్క మాట మార్చమని. దానికి కూడా మీ అక్కగారి సంతకం కావాలంటే చెప్పు, ఫారం నేనే అచ్చువేయిస్తాను.

ఆ పేజీలో మనిషి మాత్రం ఎవరి సంతకమూ తీసుకోలేదు.

బంక

*

ఆసుపత్రి ఎదుటి అద్దెగది, మూడో నంబరు
ఆగస్టు 27

బావగారూ,

ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. ఇక్కడ బల్ల కూడా లేదు. మంచం మీద సూట్‌కేసు పెట్టుకుని రాస్తున్నాను. మీ చెల్లెలు పడుకుంది. డాక్టరమ్మ రెండు రోజులు విశ్రాంతిగా ఉండమంది.

మొదటి రోజు గదిలోకి వెళ్ళాక నేనే ముందు మాట్లాడాను. ‘మాకు’ అనే అన్నాను. మీ చెల్లెలు నావైపు చూడలేదు గాని, ఒళ్ళో ఉన్న సంచి తీసి నేలమీద పెట్టింది. ఆ సంచి పదకొండేళ్ళుగా చూస్తున్నాను, డాక్టరు దగ్గర ఎప్పుడూ దాన్ని పొట్టకి అడ్డంగానే పట్టుకుని కూర్చునేది.

అండాలు పన్నెండు వచ్చాయి. డాక్టరమ్మ వాటిని రెండు భాగాలు చేసింది. ఆరింటిని గాజుగిన్నెలో నా కణాలతో వదిలేసింది. ఆరింటిలో సూదితో ఒక్కొక్కటి పెట్టింది. మర్నాడు నన్ను పిలిచి తెరమీద చూపించింది.

అది రాయాలని ఉంది. రాయకపోతే నిద్రపట్టేలా లేదు. గిన్నెలో వదిలిన ఆరు అండాల చుట్టూ అవి కిటకిటలాడుతున్నాయి. నేను బీరువా తలుపుకి అతికించుకున్నవే. ఉరకలు వేస్తున్నాయి. కొన్ని పై పొర దాటి లోపలికి కూడా వచ్చాయి. అండం గోడ పక్కనే నిలబడి తలలూపుతున్నాయి. ఒక్కటి కూడా పట్టుకోలేదు. హద్దురాయి దాకా కొలుచుకుంటూ వచ్చి, రాయి మీద చెయ్యి వేయలేక ఆగిపోయినట్టు ఉంది.

“ఏ ప్రోటీను లేదో ఇప్పుడే చెప్పలేను,” అంది డాక్టరమ్మ. “అవి నాలుగైదు కలిసి పనిచేస్తాయి. ఏది లోపించినా ఇలాగే ఉంటుంది. దానికి ఇంకా పరీక్షలున్నాయి. కానీ అతుక్కోవడం లేదన్నది మాత్రం మీరే చూశారు.”

“ఆవిడవైపు?” అని అడిగాను. ఎందుకడిగానో, పాత అలవాటు.

“ఆవిడ అండాల్లో ఏ లోపమూ కనపడలేదండీ. సూదితో పెట్టిన ఆరింటిలో నాలుగు కలిశాయి. ఎప్పుడూ ఏ లోపమూ లేదు. పాత కాగితాల్లో రెండుసార్లు రాసి ఉంది, మీరు చదవలేదా?”

చదివాను. కానీ అవి ల్యామినేషన్ చేయించినవి కావు.

మొన్న నాలుగింటిలో ఒకటి లోపల పెట్టారు. మిగతావి దాచారు. రెండు వారాలకి తెలుస్తుందట. నిలవకపోయినా ఇంకా మూడు ఉన్నాయి. నిన్న అక్కయ్య వచ్చింది. వస్తూనే, “ఈసారైనా ఈవిడకి కడుపు పండుతుందా?” అంది, మీ చెల్లెలు వింటుండగానే. “అక్కా, లోపం నాది. తెరమీద నా కళ్ళతో చూశాను. ఇంకెప్పుడూ ఆ మాట అనకు,” అన్నాను. అక్కయ్య నన్ను ఎగాదిగా చూసి, తెచ్చిన పళ్ళు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. మీ చెల్లెలు ఒక పండు తొక్క తీసి, సగం నా చేతిలో పెట్టింది.

నా గొప్ప కాదు బావగారూ. ఆ పేజీలోని మనిషి లేకపోతే నేను ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి కాదు. తెరముందు నిలబడ్డప్పుడు నూట పద్నాలుగో పేజీ తలుచుకున్నాను. ఎండలో గొలుసు లాగే మనిషే, నాకంటే సీనియరు, అతనూ ఇక్కడే నిలబడ్డాడు కదా అనుకున్నాను. అతని చిరునామా ఆ అమ్మాయి దగ్గర ఉంటుంది. నాకు ఇప్పించు. కృతజ్ఞత చెబుతూ ఒక ఉత్తరం రాయాలి. ఇంట్లో ఎలా చెప్పాడో, పెళ్ళాం మొహం ఎలా చూశాడో అడగాలి. ఈ ఒక్కటి చెయ్యి బావా.

గొడుగు నీ దగ్గరే ఉంచుకో.

నీ బావ

*

బైండింగ్ కొట్టు, మెట్ల కింద గది
సెప్టెంబర్ 1

బావా,

గొడుగు ఈ ఉత్తరం తెచ్చిన మనిషితోనే పంపాను. కొక్కెం వేయించాను. ఇప్పుడు నిలుస్తుంది. డాక్టరు గది నుంచి వచ్చేటప్పుడు చెల్లి నెత్తిన పట్టు, నీ నెత్తిన తర్వాత.

నీ ఉత్తరం చూసి మా ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాకు మాత్రం నీమీద ఉన్న చులకన తగ్గలేదు. తగ్గించమని అడక్కు. ఒక ఆడమనిషి పదకొండేళ్ళు నీ ఎదురుగా తిరుగుతూ ‘నాలో లోపం లేదు’ అంటే నమ్మలేదు. ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టి రాసిస్తే నమ్మలేదు. సాటి సర్వేయరు ఒకడు నోరు తెరిస్తే, అదీ శాశ్వత ఉద్యోగి అయితేనే, నమ్మావు. నీలాంటివాడు దారి తప్పినా తన మందలోవాడు ముందు నడిస్తేగాని వెనక్కి తిరగడు.

అయినా ‘మాకు’ అన్నావు. మీ అక్కగారి ముందు ‘నాది’ అన్నావు. ఆ రెండు మాటలకీ నా తరఫున ఒక్క మార్కు వేస్తున్నాను. మూడుసార్లు తప్పినవాడి చేత్తో వేసిన మార్కు, దాచుకో. దీనికి ల్యామినేషన్ వద్దు.

ఆ కృతజ్ఞత ఉత్తరం తప్పకుండా రాయి. బాగా రాయి, నంబర్లు వేయకుండా. ఎలా భరించావని అడుగు, క్షమించమని అడుగు, ఏం అడగాలనుకుంటే అది అడుగు. చిరునామా మాత్రం మార్చు. కత్తి కింద రెండుసార్లు పడుకుని, మూడోసారి సూదికి నవ్వుతూ వెళ్ళిన మనిషి నీ పక్కమంచం మీదే ఉంది. తపాలా బిళ్ళ కూడా అక్కర్లేదు.

పరిశోధన అమ్మాయి నిన్న వచ్చింది. నీ గిన్నె సంగతి చెప్పాను, పేరు చెప్పకుండా. “అచ్చం చిట్టెలుకల్లాగే” అంది, చాలా సంతోషంగా. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

ఆ అమ్మాయి చెప్పిన ఎలుకలు నిజం. ఇజుమో నిజం, జూనో నిజం, టోపీ నిజం. లెక్కలో అతుకు కనపడదన్నది నిజం, సూది నిజం. ఇవన్నీ నీకు అచ్చులో పంపాను, ఒక్కటీ నీ చెవికి ఎక్కలేదు. ఎక్కింది ఒక్క పేజీ. ఎలుకల అధ్యాయం నట్టనడుమ ఒక సర్వేయరు ఎలా దూరాడని నువ్వు అడగలేదు. వాడికి నీకంటే ఒక మిలియన్ ఎక్కువ ఎందుకుందని అడిగావు. నీకు మంట పుట్టాలనే వేశాను ఆ ఒక్క మిలియన్. రెండు మిల్లీమీటర్ల తేడా కూడా పట్టేశావు, నా గుండె ఆగినంత పనైంది, కానీ అది నా కత్తి మొండితనమంటే సరేనన్నావు. నా కత్తి ఎప్పుడూ మొండిది కాదు బావా. పుస్తకం కోసేశాక దానికి కొత్త కాగితం అంటిస్తే ఆ మాత్రం తేడా వస్తుంది.

ఆ పేజీ పక్కకొట్టు టైపింగామెకి నేను చెబుతుంటే ఆమె కొట్టింది. జూన్ పదకొండో తారీకు, మధ్యాహ్నం రెండు దాటాక. సన్నగా జిగురు రాసి నూట పదమూడు తర్వాత అంటించి, పాత నూట పద్నాలుగుని పొయ్యిలో వేశాను. చిరునామా అడిగావుగా, ఇదే. మీ ఇద్దరి కోసం అందరికంటే ముందు పుట్టినవాడు అతనే, నా జిగురు గిన్నెలో. అలాంటి సర్వేయరు ఎక్కడా లేడు.

బంక